నేల అందని బండి

నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. ఆ అంగుళం సంగతి నేనే పట్టుబట్టి చెబుతుంటాను, మా ఆవిడ ఒప్పుకోదు. పొట్టివాళ్ళకు బండి తోలడమంటే భయమని పొడుగువాళ్ళు అనుకుంటారు. వాళ్ళ మొహం, వాళ్ళకేం తెలుసు. నాకు పోవడమంటే ఏనాడూ భయం లేదు. ఆగడమంటేనే భయం. బండి పోతున్నంతసేపు తన పాటికి తాను నిలబడుతుంది. ఆగాక దాన్ని నిలబెట్టాల్సింది మన కాలు. ఆ కాలు నేలకు అందకపోతే, పడిపోయే ముందు ఒక రెప్పపాటు ఉంటుంది. పడుతున్నామని తెలుస్తూనే ఉంటుంది, చెయ్యడానికేమీ ఉండదు. ఆ రెప్పపాటు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాళ్ళు చల్లబడతాయి.

మాది మూడు తరాలుగా జార్జి టౌన్‌లో పురికొసల వ్యాపారం. ముందు తోపుడు బండి, వెనక సిటీ బస్సు, మధ్యలో నా చిన్న చక్రాల స్కూటరు. దాని మీద రెండు కాళ్ళూ నిండుగా నేలకు ఆనేవి. ఊరి పేరు ఇంకా మద్రాసుగానే ఉన్న ఆ రోజుల్లో నేను హాయిగానే ఉన్నాను. పెళ్ళి చేసుకోకపోయినా, పెళ్ళిలో నోరు మూసుకున్నా, అలాగే ఉండేవాణ్ణి.

మా ఇళ్ళలో పెళ్ళయిన మర్నాడు అలక అని ఒక వేడుక జరుగుతుంది. పెళ్ళికొడుకు మంచమెక్కి మూతి ముడుచుకుని పడుకోవాలి. ఆడపెళ్ళివాళ్ళు వచ్చి బతిమాలాలి. అతను ఏదో ఒకటి అడగాలి, వాళ్ళు నవ్వుతూ ఇవ్వాలి. అంతా ముందే అనుకున్నదే. నేను చేతి గడియారం అడగాలని, అది అప్పటికే మా అత్తగారి కొంగున ఉందని అందరికీ తెలుసు.

బతిమాలడానికి వచ్చింది నా బావమరిది, మా ఆవిడ తమ్ముడు. ఆరడుగుల మనిషి. అంబత్తూరులో మెకానిక్ షెడ్డు ఉండేది అతనికి. పాత బండ్లు విప్పి, బరువంతా తీసేసి, బొడిపెల టైర్లు వేసి, మట్టిలో గుట్టల మీంచి దూకే డర్ట్ బైకులుగా మార్చడం అతని పిచ్చి. ఎండిన చెరువుల్లో వాటి మీద గాల్లోకి లేచేవాడు. పెళ్ళి మొదలైనప్పటి నుంచీ నా ఎత్తు మీద ఒకటే ఎగతాళి. తలంబ్రాలప్పుడు నా పీట కింద ఇంకో పీట తెచ్చి వేశాడు. సరే, బావమరిది కదా, వేళాకోళం అతని హక్కు అని ఊరుకున్నాను. అలక మంచం దగ్గరకు వచ్చి అడిగాడు.

"ఏం బావా, మంచం దిగేదానికి స్టూలు తెచ్చేదా?"

పందిరంతా గొల్లుమంది. పక్కింటి తమిళులకు ఎవరో ఆ మాట తిప్పి చెప్పారు, వాళ్ళు కూడా ఆలస్యంగా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నాకు గడియారం వద్దు. నీ దూకే బండి కావాల" అన్నాను.

పందిట్లో నవ్వు ఆగింది. అతను నా మొహం చూశాడు, నా కాళ్ళు చూశాడు.

"సరి బావా. షెడ్డుకు రా, ఏది కావాలంటే అది తీసుకో" అన్నాడు.

అలకలో అడిగినది ఇస్తామన్నాక పుచ్చుకోకపోతే, అలక తీరలేదని అర్థం. అల్లుడు అలకతోనే కాపురం మొదలుపెట్టాడంటే ఆ ఇంటికి కీడు అంటారు మా పెద్దవాళ్ళు. అట్లా ఇరుక్కున్నాను.

షెడ్డులో రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి కాస్త పొట్టిది, లావుది. రెండోది సన్నగా, ఎత్తుగా ఉంది, దాని సీటు నా బొడ్డు దాకా వచ్చింది. నేను చటుక్కున పొట్టిదాని మీద చెయ్యి వేశాను.

"ఎత్తు చూసి ఎంచుకోవద్దు బావా. రెండూ ఒకసారి ఒరిగించి చూడు" అన్నాడు.

లావు బండిని ఒరిగిస్తే నన్ను కూడా లాక్కుపోయింది. ఎత్తు బండి ఒరిగినా నా చేతుల్లో ఆగింది. పడబోయే దాన్ని పట్టుకోగలిగితే చాలు, అంటాడతను. ఎత్తుదే తీసుకున్నాను. నా కోసం సీటులో స్పాంజి కోసి పల్చన చేశాడు. సీటు ముందుభాగం సన్నగా చెక్కాడు, తొడలు వెడల్పు కాకుండా కాళ్ళు తిన్నగా కిందికి దిగాలని. బండి ముందు భాగం కిందికి దిగాలని, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాలు కాస్త పైకి జరిపి బిగించాడు. అయినా నాకు అందింది ఒక కాలి మునివేళ్ళే. ఇంకా తగ్గించమన్నాను, వెనక స్ప్రింగులు కూడా కొయ్యమన్నాను.

"అది మాత్రం కొయ్యను. దూకి దిగినప్పుడు టైరు వచ్చి మడ్‌గార్డుకు తగులుకుంటాది. నీ బయం తీర్చేదానికి బండిని పాడు చేస్తే అదే నిన్ను చంపుతాది."

ఇక ఆగడం నేర్పించాడు. రెండు కాళ్ళూ దించాలని చూడకూడదు. ఆగేముందే పిర్రలు ఎడమకు జరపాలి, కుడి పాదం బ్రేకు మీద ఉంచాలి, ఎడమ కాలు ఒక్కటే చాచాలి. అన్నిటికన్నా ముందు ఎక్కడ ఆగాలో చూసుకోవాలి. ఎడమ పక్క నేల ఎత్తుగా ఉన్న చోటే ఆగాలి. కుడికి ఒరిగిందా, ఇక అంతే.

కుడికి ఎన్నిసార్లు పడ్డానో. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఫ్యాక్టరీల షిఫ్టు విడిచే వేళ లారీలు, బస్సులు, సైకిళ్ళు కమ్ముకుంటాయి. నా చూపు మాత్రం ఎప్పుడూ ఎడమ పక్క నేల మీదే. ఒక రాయి, ఒక ప్లాట్‌ఫారం అంచు, ఇసుక కుప్ప, ఏదైనా సరే. ముందున్న లారీ బ్రేకు దీపం ఎర్రగా వెలిగితే చాలు, పిర్రలు ఎడమకు జరిపేసేవాణ్ణి. బండి బయటికి తీసిన ప్రతిసారీ మా ఆవిడ గుమ్మంలో నిలబడేది.

"నాకు బయంగా ఉండాది. దాన్ని తిరిగిచ్చేయండి" అంది ఒకరోజు.

"అలకలో తీసుకున్నది ఎట్ట తిరిగిస్తారు?"

"ఆడ ఆ గుంటల్లో మీకేమన్నా అయినా నాకే, వాడికేమన్నా అయినా నాకే. మీ ఇద్దరికీ ఆ మాట తోచదు" అంది.

అయినా సెలవురోజు పొద్దున్నే అతను వచ్చి పిలిస్తే పోయేవాణ్ణి. రానంటే మళ్ళీ స్టూలు మాట ఎత్తుతాడు.

ఆ రోజు పొద్దున అంబత్తూరు అవతల చెరువులో మేమిద్దరమే ఉన్నాం. అంతకుముందు కొద్దిగా వానలు పడి వెలిశాయి. పైన మట్టి ఎండి పెంకులు కట్టింది, కింద ఇంకా బురదే. నేను గట్టు పక్కన మెల్లగా తిరుగుతున్నాను. అతను చెరువు మధ్యలో ఉన్న గుట్ట మీంచి దూకాడు. దిగిన చోట పెంకు పగిలి ముందు చక్రం బురదలో దిగబడింది. బండి పల్టీ కొట్టి అతని మీద పడింది.

వెళ్ళి బండి లాగేసరికి అతని ఎడమ కాలు మోకాలి కింద ఉండాల్సినట్టు లేదు. ఎముక ప్యాంటు చించుకుని బయటికి వచ్చింది. నెత్తురు ఆగడం లేదు. నా తుండు చుట్టి బిగించాను, అది అప్పటికప్పుడే తడిసిపోయింది. అరిచాను. చుట్టుపక్కల పిట్ట మనిషి లేడు.

"ఉండరా, నేను పోయి ఎవర్నన్నా తెస్తా" అన్నాను.

"వద్దు బావా. ఈడ ఒంటిగా వదిలిపెట్టొద్దు నన్ను." అంత మనిషి నా చొక్కా పట్టుకుని వదలలేదు. అతని కళ్ళల్లో భయం చూడడం అదే మొదటిసారి. అది చూశాక నాకున్న ధైర్యం కూడా పోయింది.

నా బండిని గుట్టకు ఆనించి నిలబెట్టాను. అతన్ని గుట్ట మీదికి ఈడ్చి, అక్కణ్ణించి వెనక సీటు మీదికి జార్చాను. అతను పెట్టిన కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది. నేనూ గుట్ట మీంచే ఎక్కి, అతని బెల్టుతో ఇద్దరి నడుములూ కలిపి కట్టి, కిక్కు కొట్టాను. బరువు తగ్గించడానికి వెనక మనిషి కాళ్ళు పెట్టుకునే కమ్మీలు అతనే ఎప్పుడో తీసేశాడు. రెండు కాళ్ళూ గాల్లో వేలాడుతున్నాయి, విరిగినది కూడా.

ఇక ఆగకూడదు. బురదలో ఆగితే ఇద్దరం పడతాం, పడితే అతన్ని మళ్ళీ ఎక్కించడానికి అక్కడ గుట్ట ఉండదు. అదొక్కటే నా తలలో ఉంది. వెనక చక్రం జారుతున్నా ఆక్సిలరేటరు వదల్లేదు. ప్రతి గుంటకూ అతను కేక పెట్టాడు. కాసేపటికి కేకలు మూలుగులయ్యాయి. తారు రోడ్డు ఎక్కాక మూలుగులు కూడా ఆగిపోయాయి. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "మాట్లాడరా, నన్ను తిట్టరా, పొట్టోడా అనరా" అని అరుస్తూ తోలాను. అతని తల నా వీపు మీద అటూ ఇటూ కొట్టుకుంటోంది.

రైల్వే గేటు పడి ఉంది.

దూరం నుంచే చూశాను. లారీలు, సైకిళ్ళు, ఒక బస్సు బారుగా ఆగి ఉన్నాయి. ఎడమ పక్కకు చూశాను. అక్కడ ఎత్తు లేదు, రోడ్డు పల్లంగా కాలువలోకి దిగిపోతోంది. కుడి పక్క లారీ చక్రాలు. ఆగడానికి చోటు లేదు, పోవడానికి దారి లేదు. "దేవుడా, ఇప్పుడు కాదు" అనుకున్నాను. ఎడమకు జరుగుదామంటే అతని బరువు నన్ను జరగనివ్వలేదు. బ్రేకు నొక్కాను. ఎడమ కాలు చాచాను. బూటు మొన గాల్లోనే ఉంది.

అతని ఒళ్ళు కుడికి వాలింది. దానితో బండీ కుడికి వాలింది. ఆ రెప్పపాటు వచ్చేసింది. లారీ చక్రం నా మొహానికి దగ్గరగా వస్తోంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంటుంది, ఇద్దర్నీ కలిపి ఒకేసారి తీసుకెళ్ళి చూపిస్తారు అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

బండి ఆగింది. పడలేదు.

కళ్ళు తెరిచి కిందికి చూశాను. కుడి పక్క బురద పట్టిన పెద్ద పాదం ఒకటి రోడ్డు మీద ఆని ఉంది. మోకాలు బిర్రుగా ఉంది.

"నేనుండా బావా" అన్నాడు, వినీ వినపడనట్టు.

గూడ్సు బండి వచ్చింది. ఎంత పొడుగు బండో, పెట్టెల తర్వాత పెట్టెలు. నా ఎడమ కాలు గాల్లో, అతని కుడి కాలు నేల మీద, మేమిద్దరం అలాగే ఉన్నాం. గేటు లేచింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"ఇంక కాలు తియ్‌రా" అన్నాను.

తియ్యలేదు. పిలిచాను, పలకలేదు. స్పృహ పోయింది, ఆ కాలు మాత్రం అలాగే నిలబడి ఉంది. నేను కదలలేదు, కదిలితే ఆ కాలు కూడా పోతుంది. నోటికొచ్చిన తమిళంలో గట్టిగా ఏడుస్తూ అరిచాను. ముందు ఒక సైకిలాయన నెత్తురు చూశాడు. తర్వాత జనం మూగారు. ఒక వ్యాను డ్రైవరు దిగి వచ్చి, బెల్టు విప్పి, నలుగురి సాయంతో అతన్ని వ్యానులో పడుకోబెట్టాడు. ఎత్తుతుంటే కూడా ఆ మోకాలు వెంటనే వంగలేదు. అతని తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బండి గేటు దగ్గర పడిపోయి ఉంటే దానివైపు కూడా చూడలేదు.

ఆస్పత్రికి మా ఆవిడ పరుగున వచ్చింది. నా చొక్కా నిండా ఉన్న నెత్తురు చూసి, "ఉండాడా?" అని ఒక్క మాట అడిగింది. "ఉండాడు" అన్నాను. అక్కడే నేల మీద కూలబడిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు ఆ తర్వాత చెప్పాడు.

కాలులో కడ్డీ వేశారు. నడవడానికి చాలా నెలలు పట్టింది. గేటు దగ్గర కాలు పెట్టిన సంగతి అతనికి గుర్తే లేదు. నేను చెబితే, "ఊరికే చెప్తా ఉండావు బావా, నేను అప్పటికే పోయినట్టే కదా" అంటాడు. షెడ్డువాళ్ళు నా బండి తెచ్చి బాగు చేశారు. కర్ర వదిలేసిన రోజు అతను మా ఇంటికి వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎక్కుతాడేమో అనుకున్నాను. తాళం చెవి చేతిలోకి తీసుకుని, మళ్ళీ నాకే ఇచ్చాడు.

"నువ్వు తోలు బావా. నేను వెనక కూచుంటా." ఆ మాటలో వేళాకోళం లేదు.

ఆ తర్వాత అతను ఏ బండికీ ముందు కూర్చోలేదు. ఎక్కడికి పోవాలన్నా నా వెనకే. నా నడుము పట్టుకున్న చేతులు ప్రతి మలుపులోనూ బిగుసుకుంటాయి. సిగ్నలు కనిపిస్తే చాలు, నేను బ్రేకు మీద కాలు వెయ్యకముందే అతని కుడి కాలు నేల మీదికి దిగిపోతుంది. బండి ఇంకా పోతుండగానే ఆ కాలు రోడ్డుకు రాసుకుంటుంది. బండి ఒక్కసారిగా కుడికి లాగుతుంది, హ్యాండిలు బిగబట్టి నిలుపుకుంటాను. తొందరపడి పెట్టొద్దురా అని చెప్పాలి. ఇంతవరకు చెప్పలేదు.