పడవ చెక్కల పెట్టె

మా చెల్లెలి కూతురికి చెవులు కుట్టించడానికి ముహూర్తం పెట్టుకున్నారని తెలిసి, మేనమామగా ఏం తేవాలో అడుగుదామని ఫోన్ చేశాను. చెల్లెలు బొమ్మల పెట్టె అడిగింది.

"బంగారం సంగతి ఆయన చూసుకుంటాడులే అన్నా. ఇంటినిండా బొమ్మలే. మొన్న మా అత్త కారు బొమ్మ మీద కాలేసి జారింది. ఒక పెట్టె చేసియ్యి. కొనేది వద్దు, నువ్వే చెయ్యాల" అంది.

నేను సూళ్లూరుపేటలో కరెంటు సామాన్ల కొట్లో పనిచేస్తాను. వడ్రంగం నా పని కాదు గానీ, మా ఇంట్లో గూళ్లూ పీటలూ నేను చేసినవే. ప్లైవుడ్ కొంటానని ఇంట్లో చెబితే మంచం మీద పడుకుని వింటున్న మా నాయన లేచి కూర్చున్నాడు.

"ప్లైవుడ్డు ఎందుకు నాయనా, పడవుండాది కదా" అన్నాడు.

మాది దొరవారిసత్రం వైపు పులికాట్ సరస్సు ఒడ్డున చిన్న ఊరు. మా నాయన జీవితమంతా ఆ సరస్సులో రొయ్యలూ చేపలూ పట్టాడు. భుజం పట్టేశాక పడవ నెట్టే గడ వేయలేక మానేశాడు. అప్పటికే అందరూ ఫైబరు పడవలకు మారిపోయారు. ఆ చెక్క పడవను కొనేవాళ్లు లేక, ఇంటి పక్కన బోర్లించి వదిలేశాం. దాని కింద కోళ్లు గుడ్లు పెట్టుకునేవి. విడగొట్టాలంటే ఆయనకు కష్టంగా ఉంటుందనుకున్నాను. గడ్డపార తెచ్చింది ఆయనే.

"ఎండకి చీలికలై పోయేదానికంటే, బిడ్డ బొమ్మలు పెట్టుకుంటే మేలు కదా" అన్నాడు.

సెలవు రోజుల్లో ఇద్దరం కూర్చుని ఆ పెట్టె చేశాం. పడవ చెక్కలు వంకరగా ఉంటాయి. నడిమి భాగంలోవి మాత్రమే కాస్త తిన్నగా దొరికాయి. ఆయన మేకులు పీకి ఇస్తుంటే నేను చిత్రిక పట్టేవాణ్ణి. ప్రతి ఎండాకాలం పడవకు చేప నూనె పట్టించేవాడు కాబట్టి పైపొర నల్లగా జిడ్డు పట్టి ఉండేది. అది లేచిపోయి లోపలి గోధుమ రంగు కనబడేదాకా చిత్రిక పట్టాను. మూత పడి వేళ్లు నలగకుండా ముందు వైపు సందు వదిలాను. మూలలు గుండ్రంగా అరగదీశాను. బయట పసుపు రంగు వేశాం. లోపల మాత్రం రంగు వద్దన్నాడు నాయన. పిల్ల బొమ్మల్ని నోట్లో పెట్టుకుంటుంది, రంగు కడుపులోకి పోతుందని. నాకూ నిజమేననిపించింది. పెట్టెకు ఏదైనా వాసన ఉందేమోనన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. వలల మధ్య, ఎండు చేపల మధ్య బతికేవాళ్లం, మా ముక్కులకు అది వాసన కాదు.

నా భార్యను ముందురోజే కావలికి, చెల్లెలి ఇంటికి పంపించి, నేనూ నాయనా తెల్లవారుజామున చిన్న ట్రక్కులో పెట్టె వేసుకుని బయలుదేరాం.

మా బావ, అంటే చెల్లెలి భర్త, కావలిలో బ్యాంకు ఉద్యోగి. వాళ్లూ మావాళ్లే, వాళ్ల పెద్దలదీ సరస్సు ఒడ్డు ఊరే. కానీ ఆయన తండ్రి ఎప్పుడో ఉద్యోగం కోసం కావలి చేరిపోయాడు. ఆ కాలనీలో వాళ్ల మూలాల గురించి ఎవరికీ చెప్పుకున్నట్టు లేదు. అడిగితే దొరవారిసత్రం దగ్గర తమకు పొలం ఉండేదని అంటారు. మేం కూడా ఆ మాట సవరించే పని పెట్టుకోలేదు.

ఇంటి ముందు షామియానా వేశారు. పెట్టెను ఒక పక్కన, కానుకలు పెట్టే బల్ల దగ్గర దించాం. పాపను నా ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఆచారి చెవులు కుట్టాడు. గుక్కపట్టి ఏడ్చింది. ఎత్తుకుని పెట్టె దగ్గరికి తీసుకెళ్లి, మూత ఎత్తి, తన ఏనుగు బొమ్మను అందులో వేయించాను. ఏడుపు ఆపి మళ్లీ తీసింది, మళ్లీ వేసింది. చూసేవాళ్లు నవ్వారు.

"మా బావ సొంతంగా చేసినాడు సార్" అని బావ తన మేనేజరుకు చూపించాడు. ఆయన మూత మీద చెయ్యేసి చాలా బాగుందన్నాడు. మా నాయన కొంచెం దూరంగా నిలబడి అదంతా చూస్తున్నాడు.

ఎండ ఎక్కేసరికి షామియానా నీడ జరిగిపోయింది. పెట్టె ఎండలో పడింది. అది ఎవరూ గమనించలేదు. బంతి భోజనాలు మొదలయ్యాయి. దేవుడి కార్యం కాబట్టి పప్పు, వంకాయ కూర, పులిహోర, బొబ్బట్లు. నేను మజ్జిగ బకెట్టు పట్టుకుని వరుసలో తిరుగుతున్నాను.

మొదట మేనేజరు భార్య తినడం ఆపి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పక్కనున్నావిడ ఇటూ అటూ చూసింది. ఎక్కడో ఎలుక చచ్చినట్టుందని ఒకరన్నారు. ఇంకెవరో వంటవాళ్లను పిలిచి, ఈ గిన్నెల్లో నిన్న చేపలు వండారా అని అడిగారు. వంటాయనకు కోపం వచ్చింది. మా బావ విస్తళ్ల మధ్య నుంచి వాసన పట్టుకుంటూ నడిచి, పెట్టె దగ్గర ఆగి మూత ఎత్తాడు. వేడెక్కిన చెక్కలోంచి నూనె వాసన ఒక్కసారిగా బయటికి వచ్చింది. గబుక్కున మూత వేసి నా వైపు చూశాడు. ఆయనతో పాటు అందరూ చూశారు.

నా చెవులు కాలిపోయాయి. ఏదో ఒకటి చెప్పాలని బకెట్టు కింద పెట్టాను. అది పడవ చెక్క అన్నానంటే, ఎవరి పడవ అని అడుగుతారు. తర్వాత ప్రతి ప్రశ్నా బావ వాళ్ల ఇంటి మీదికే పోతుంది. అలా నిలబడిపోయి ఉండగా, మా నాయన విస్తరి ముందు నుంచి లేచి, ఎంగిలి చెయ్యి పక్కకు పట్టుకుని వచ్చాడు.

"అయ్యా, తప్పు మాదే" అన్నాడు అందరికీ వినబడేట్టు. "ఈ చెక్క కలప డిపోలో కొన్నాం. ఆ డిపోవాడు చేపల పెట్టెలు ఊడదీసిన చెక్కని మాకు అంటగట్టినట్టుండాడు. మేం చూసుకోలేదు. ఏమనుకోవద్దండి."

జనం వెంటనే మెత్తబడ్డారు. డిపోలవాళ్లంతా అంతేనని ఒకాయన అన్నాడు. మేనేజరు తన ఇంటి తలుపులకు పుచ్చు కలప ఇచ్చిన వాడి కథ ఎత్తుకున్నాడు. నాకు హాయిగా అనిపించింది. ఇప్పటికీ నన్ను తల ఎత్తనివ్వనిది ఆ హాయి. ఏ ఆఫీసులో ఎవరు ఏం పని చేస్తావని అడిగినా, చేపలు పడతానండీ అని మొహం మీద చెప్పే మనిషి ఆయన. ఆ పడవ ఆయన చేతుల కింద నున్నబడ్డ పడవ. దాన్ని ఎవడో డిపోవాడి దొంగచెక్క చేసి, నా పరువూ కూతురి పరువూ కాపాడాడు.

పెట్టెకు చెరోపక్కా పట్టుకుని పెరట్లో బట్టలుతికే బండ దగ్గరికి మోశాం. నీడలో దించి, తువ్వాలుతో మూత తుడిచాడు.

"నువ్వు పో. మజ్జిగకి జనం కాచుకోనుండారు" అన్నాడు.

"నువ్వు సగంలో లేచినావు నాయనా."

"నాకు చాల్లే."

ఆయన మళ్లీ విస్తరి దగ్గరికి రాలేదు. కార్యం అయ్యాక పెట్టెను వెనక్కి తీసుకుపోతామంటే చెల్లెలి అత్త ఒప్పుకోలేదు. "ఉండనీ అన్నా, పెరట్లో ఉంటే ఏమయింది" అని మా నాయనతో అంది. ఖాళీ ట్రక్కులో వెనక్కి బయలుదేరాం. ట్రక్కు నెల్లూరు దాటింది.

"నేను చెప్పింది సరిపోయిందా నాయనా? ఆ సార్లు నమ్మినట్టే ఉండారు కదా" అన్నాడు అప్పుడు.

"సరిపోయింది" అన్నాను.

చెల్లెలి అత్త ఆ పెట్టెను వదిలిపెట్టలేదు. కుంకుడు రసంతో, సున్నపు నీళ్లతో లోపల రుద్దడం, ఆరబెట్టడం. వానాకాలం పోయేసరికి వాసన దాదాపు పోయిందని చెల్లెలు చెప్పింది. పెట్టె హాల్లోకి వచ్చింది. ఆ తర్వాత ఒకసారి వాళ్ల ఇంట్లో ఫ్యాను బిగించడానికి వెళ్లినప్పుడు, బావ ఒంటరిగా దొరికితే నిజం చెప్పేశాను. అది డిపో చెక్క కాదు, మా నాయన పడవ అని.

ఆయన నా మొహం చూడలేదు. స్టూలు పట్టుకునే అన్నాడు.

"తెలుసు బావా. మా అమ్మ ఆ రోజే చెప్పింది. మూత తియ్యంగానే, ఇది పడవ నూనె అనింది. వాళ్ల నాయన పడవకి చిన్నప్పుడు తనే పూసేదంట."

"మరి అప్పుడే అనుండొచ్చు కదా."

"మామ అట్ట చెప్పినాక ఇంకేం అనేది. మాకూ అదే మేలనిపించింది." స్క్రూ ఒకటి నాకు అందించాడు. "సిగ్గుగా ఉండాది బావా. మామకి మాత్రం మాకు తెలుసని చెప్పొద్దు."

నేను చెప్పలేదు. కాబట్టి బావా వాళ్ల అమ్మా ఆ అబద్ధాన్ని నమ్మారనే మా నాయన ఇప్పటికీ అనుకుంటున్నాడు. కావలి వెళ్లినప్పుడల్లా పాప పెట్టెలోంచి బొమ్మలు తీస్తుంటే చూస్తూ, తనంతట తానే ఆ డిపోవాడి ప్రస్తావన తెస్తాడు. ప్రతిసారీ ఏదో ఒకటి కొత్తగా చేరుతుంది. వాడికి లావు మీసమట. చెక్క తడిపి ఇచ్చాడట. చెల్లెలి అత్త కాఫీ గ్లాసు చేతికిచ్చి, "అట్టాంటోళ్లు ఉంటారన్నా, ఏం చేస్తాం" అంటుంది. బావ అవునంటాడు. ఈసారి అటు పోయినప్పుడు వాణ్ణి నిలదీస్తానంటాడు నాయన, నా వైపు తిరిగి. నేను తల ఊపుతాను.