గంప పెట్టి ఆపిన బస్సు

అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్ వే స్తంభాల పక్క గల్లీలో మా వర్క్‌షాపు ఉండేది. శంషాబాద్, మహేశ్వరం వైపు వెంచర్లు కుక్కగొడుగుల్లా లేస్తున్న రోజులవి. ప్లాట్లు అమ్మే ఆఫీసుల్లో అద్దాల పెట్టెలో పెట్టే నమూనాలు మేం చేసేవాళ్లం. అసలు వెంచర్లో కంకర తప్ప ఏమీ ఉండేది కాదు. మా నమూనాలో మాత్రం ఫౌంటెన్లు, పచ్చికలు, కుక్కను తిప్పుతున్న దొరసాని! నవ్వొచ్చేది. నాకు జీతం వచ్చేది ఆ దొరసాని పుణ్యానే కదా అని నోరు మూసుకునేదాన్ని.

ఒకసారి ఓ వెంచర్ ఓనరు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి, మా నమూనా చూసి పెదవి విరిచారు. "కార్లు ఇలా బొమ్మల్లా నిలబడితే ఎలాగమ్మా? వాటంతట అవే తిరగాలి. వచ్చినవాళ్లు కళ్లప్పగించి చూడాలి" అన్నారు. అలా నేర్చుకున్నాను ఆ పని. రోడ్డులో సన్నటి గాడి తీసి, ఇనుప తీగ పరిచి, పుట్టీ పూసి రంగు వేయాలి. బండి ముందు చక్రాల దగ్గర చిన్న అయస్కాంతం ఉంటుంది, అది ఆ తీగను పట్టుకుని పోతుంది. పొట్టలో మోటారు, సెల్లు. ఆగాల్సిన చోట రోడ్డు కింద రాగితీగ చుట్ట పెడతాం. చుట్టకు కరెంటిస్తే బండి ఆగుతుంది, తీసేస్తే కదులుతుంది. ఇవ్వడం, తీయడం టైమర్ చూసుకుంటుంది. మొదటి కారు మలుపు తిరిగి వచ్చినప్పుడు సిగ్గు లేకుండా చప్పట్లు కొట్టాను.

ఇంట్లో నేనూ, మా అవ్వా. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. మా ఊరి జాగా ఎయిర్‌పోర్ట్ గోడ లోపలికి పోయాక శంషాబాద్‌లో కిరాయి ఇంట్లోకి వచ్చాం. భూమి కోసం అవ్వ పెద్దగా ఏడ్వలేదు. "నీళ్లు లేని చెల్క, దాని మొగం" అనేది. ఆమె బెంగంతా దోస్తు మీద. దోస్తంటే ఊళ్లో మా పక్కింటామె. ఇద్దరూ కూరగాయల గంపలతో పొద్దుటి బస్సుకు శంషాబాద్ అంగడికి పోయేవాళ్లు. బర్రె పాలు పిండి వచ్చేసరికి దోస్తుకు రోజూ ఆలస్యమే. అవ్వ ముందే వచ్చి, తన గంప బస్సు మెట్టు మీద పెట్టి, ఒక కాలు పైన, ఒక కాలు కింద ఉంచి నిలబడేది. గంప అలా సగంలో ఉంటే ఏ డ్రైవరైనా బండి ఎలా కదిలిస్తాడు?

"అక్కా, ఎక్కుతవా, దిగుతవా?" అని ఆయన మొత్తుకునేవాడు.

"అగో, వస్తున్నదన్నా, జర ఆగు" అనేది అవ్వ. దోస్తు ఆపసోపాలు పడుతూ ఉరికొచ్చేది.

ఊరు లేచినప్పుడు ఎవరి దారి వాళ్లదైంది. దోస్తు బిడ్డ ఇంటికి పోయిందన్నారు గానీ, ఏ ఊరో చెప్పినవాళ్లు లేరు. ఉన్న ఒక్క ఫోన్ నంబరూ మోగడం మానేసింది. అంగడిలో తెలిసిన మొహం కనబడితే చాలు, అవ్వ బేరం వదిలేసి దోస్తు జాడ అడిగేది.

ఆమె బెంగ చూడలేక, మిగిలిపోయిన ప్లైవుడ్ ముక్క మీద మా ఊరి రోడ్డు చేశాను. రేకుల హోటలు, వేపచెట్టు, బస్సు స్టేజీ. ఎర్రబస్సు వచ్చి స్టేజీ దగ్గర ఆగగానే అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతలో టైమర్ అయిపోయి బస్సు కదిలింది.

"ఏందే గిది? ఆమె రాకముందే పోతున్నదేంది!"

"టైమర్ పెట్టిన అవ్వా. గంతసేపే ఆగుతది."

"నీ టైమర్ల మన్నువడ! ఏ డ్రైవరన్న గిట్ల పోయిండానే ఎన్నడన్న?"

టైం పెంచాను. "ఇంకా జర" అంది. మళ్లీ పెంచాను. "ఇంకా." నాకు చిర్రెత్తుకొచ్చింది. టైమర్ పీకేసి, కాలింగ్ బెల్ స్విచ్చు ఒకటి బిగించాను.

"ఇగో, ఒత్తినంతసేపు ఆగుతది, ఇడిస్తే పోతది. ఇగ నీ ఇష్టం."

బస్సు స్టేజీకి రాగానే అవ్వ ఒత్తింది. రోడ్డు చివర, దోస్తు ఇల్లుండే వైపు చూస్తూ కూర్చుంది. అక్కడ నేను ఇల్లు పెట్టలేదు, ప్లైవుడ్ చాల్లేదు. నేను వంటింట్లోకి పోయి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చినా ఆమె వేలు తీయలేదు. రంగు కాలుతున్న వాసన వేసింది. ఆ రాగి చుట్ట అంతసేపు కరెంటుకు తట్టుకునేది కాదు.

"అవ్వా, ఇడువు! కాలిపోతది!"

"నేనిడిస్తే అదెట్ల వస్తదే?"

ప్లగ్గు పీకాల్సిందాన్ని, పోయి ఆమె పక్కన కూలబడ్డాను. ఆమె రావాలని నాకూ ఉంది, దేవుడా. ఆ మనిషి గంప నెత్తిన పెట్టుకుని, బర్రెను తిట్టుకుంటూ ఒక్కసారి వస్తే చాలనిపించింది.

చుట్ట టప్పున తెగింది. కరెంటు ఆగేసరికి బస్సు కదిలింది. అవ్వ స్విచ్చును ఇంకా గట్టిగా ఒత్తింది, రెండో చేతి వేలు కూడా పెట్టి ఒత్తింది. బస్సు హోటలు దాటింది, వేపచెట్టు దాటింది.

"పాయెనే" అంది అవ్వ. "మేమిద్దరం కిందనే ఉన్నం."