సారె ఎక్కిన రైలు

మా దొడ్డమ్మ పోయిందని పొద్దున్నే కొవ్వూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. కాఫీ కలిపి పిలిస్తే పలకలేదట. ఫోన్ పెట్టేశాక నాకు ముందు ఏడుపు రాలేదు. గోడ గడియారం వంక చూసి, ఇప్పుడు బయల్దేరితే ఏ బండి దొరుకుతుందా అని ఆలోచించాను. ఆ బుద్ధి దొడ్డమ్మ పెట్టిందే. ఆ సంగతి తట్టాక వచ్చింది ఏడుపు, ఆపినా ఆగకుండా.

దొడ్డమ్మ అంటే మా అమ్మకి అక్క. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లల్లేరు. కొవ్వూరులో మా ఇంటి పక్కవాటాలో ఉండేది. కొబ్బరితోట మీద కాస్త కౌలు వస్తే దాంతోనే సరిపెట్టుకునేది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల వంట గురించో భక్తి గురించో రాయడం మర్యాద. మా దొడ్డమ్మ వంట అంతంతమాత్రం. భక్తేమో బండి ఆలస్యమైనప్పుడు మాత్రమే పైకి వచ్చేది. కాబట్టి ఆవిడ గురించి చెప్పాలంటే నేను ప్యాసింజరు రైలు గురించే చెప్పాలి. ఆవిడ ఏమీ అనుకోదు.

దొడ్డమ్మ లెక్కలో ఊళ్లు రెండే రకాలు, స్టేషను ఉన్నవీ లేనివీ. నాకు ముందు అమలాపురం సంబంధం వచ్చింది. కుర్రాడు బుద్ధిమంతుడు, బ్యాంకులో ఉద్యోగం. నాన్నగారు దాదాపు మాట ఇచ్చేశారు. దొడ్డమ్మ అంతా ఓపిగ్గా విని, "అమలాపురానికి రైలేదండీ మరిదిగారూ?" అంది.

"లైను వేస్తున్నారు కదండీ వదినగారూ."

"నా చిన్నప్పట్నుంచీ వేస్తూనే ఉన్నారండి. లైను పడ్డాక రమ్మనండి, అప్పుడు చూద్దాం."

నాన్నగారికి వదినగారంటే భయంతో కూడిన గౌరవం. సంబంధం వెనక్కి వెళ్లిపోయింది. ఆ అబ్బాయి పిల్లలు ఇప్పుడు బడికి వెళ్తున్నారట, లైను మాత్రం ఇంకా గోదావరి దాటలేదు. తర్వాత భీమవరం సంబంధం వస్తే, దొడ్డమ్మ అబ్బాయి పేరు కూడా అడగకుండా ఒప్పేసుకుంది. పంతులుగారు పెట్టిన ముహూర్తాన్ని కూడా, "ఆ వేళకి బండి లేదండీ, గ్రహాలతో మాట్లాడి ఇంకోటి చూడండి" అని మార్పించింది. ఆయన చూశారు కూడా.

రైలెక్కితే ఆవిడకి సొంత హాల్లోకి వచ్చినట్టే. ముందు తడిగుడ్డతో కిటికీ ఊచలు తుడిచేది. ఎదురుసీటు మీద కాళ్లు చాపినవాళ్లని, "నాయనా, అది కూర్చునేదమ్మా" అని దింపించేది. తర్వాత ఎక్కడినుంచి, ఎవరింటికి, ఎందుకు అని ఆరా మొదలెట్టేది. "బండెక్కినవాళ్లు దిగేదాకా చుట్టాలేనే" అనేది నాతో. దిగాక కూడా చుట్టాలే అయ్యారు కొందరు. తణుకులో ఒకావిడ ఇప్పటికీ మాకు ఊరగాయ పంపిస్తుంది. ఆవిడ ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఒకప్పుడు ఆ బండిలో ఒక బెంచీ మీద పడుకుని నిద్రపోవచ్చు. ఇప్పుడు కాలు పెట్టడానికి సందుండదు. కాలేజీ పిల్లలు, ఆసుపత్రి నర్సులు, పూలబుట్టల వాళ్లు, పెట్రోలు ధర చూసి కారు ఇంట్లో వదిలేసిన రొయ్యల రైతులు, అందరూ అందులోనే. మొదట్లో దొడ్డమ్మ, తన హాల్లోకి చెప్పకుండా వచ్చినవాళ్లని చూసినట్టు చూసింది. తర్వాత గర్వం వచ్చింది. "చూశావా, ఇస్త్రీ చొక్కాలవాళ్లు కూడా మన బండే ఎక్కుతున్నారు!" అని, తనే ఆ బండి కనిపెట్టినట్టు మురిసిపోయేది. ఆడవాళ్లకి బస్సు ఉచితం అయ్యాక, ఇంకా టిక్కెట్టు కొని రైలెక్కడం ఏంటని అమ్మ అడిగింది. "ఊరికే ఎక్కినచోట నోరెత్తి దెబ్బలాడ్డానికి ఉండదే పిచ్చిదానా. ఇక్కడ ఆ నాలుగు కాగితాలూ పారేస్తే నేనే మహారాణిని" అంది దొడ్డమ్మ. ఆవిడ దెబ్బలాడే తీరు చూస్తే టిక్కెట్టు చవకే అనిపించేది.

ఇక సారె సంగతి.

నన్ను కాపురానికి పంపే రోజు వచ్చింది. మా వైపు పద్ధతి మీకు తెలిసిందే. పుట్టింటివాళ్లు సారె పట్టుకెళ్తారు, అత్తవారు దాన్ని వీధి వీధంతా పంచుతారు. పంచినదాన్ని నోట్లో వేసుకుని వీధి వీధంతా కోడలికి విలువ కడుతుంది. మా అత్తవారు భీమవరంలో రొయ్యల చెరువులున్నవాళ్లు, ఇంటి ముందు రెండు కార్లున్నవాళ్లు. ఆ వీధిలో తల తీసేసినట్టు కాకూడదని నాన్నగారి దిగులు. అందుకని వ్యాను మాట్లాడతానన్నారు.

"వ్యాను కిరాయికి పోసేది కాజాల్లో పోద్దాం మరిదిగారూ. బుట్టలు రెండు పెరుగుతాయి" అంది దొడ్డమ్మ.

"సారె రైల్లో తెచ్చారంటారేమోనండీ వదినగారూ."

"కాజా నోట్లో పెట్టుకున్నాక ఎందులో వచ్చావని దాన్ని ఎవరడుగుతారండీ?"

నాన్నగారు వ్యాను మాట మానేశారు. కాజాలు, లడ్డూలు, సున్నుండలు, మైసూరుపాకు, చలిమిడి, అరటిగెల, పెద్ద పెద్ద వెదురుబుట్టలకి ఎత్తి, పైన కొత్త తువ్వాళ్లు కట్టి, కొవ్వూరులో రైలెక్కించాం. అమ్మ, నాన్నగారు, తమ్ముడు, దొడ్డమ్మ, పట్టుచీరలో నేను. బండి కిటకిటలాడుతోంది. బుట్టలు మా కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాం.

చాగల్లు దాటాక ఒక బుట్టకి కట్టిన తువ్వాలు జారింది. ఎదురుగా తల్లి ఒళ్లో ఉన్న పసిపాప కాజాల వంక రెప్ప వెయ్యకుండా చూసింది.

"పసిదాని కళ్లు పడ్డాయే. పెట్టకుండా పట్టుకెళ్తే అరగదు" అని దొడ్డమ్మ ఒక కాజా తీసింది. ఒక్కటి పెట్టకూడదు కాబట్టి రెండు తీసింది. పాపకి పెట్టి తల్లికి పెట్టకపోతే బాగుండదు. తల్లి పక్కన ఒక ముసలాయన. "వద్దమ్మా, షుగరు" అన్నాడాయన. "పెళ్లి కాజాకి షుగరుండదండీ" అని ఆయన చేతిలోనూ పెట్టింది. ఆయన పక్కన ఇంకొకరు.

అమ్మ చెవిలో గొణిగింది. "అక్కా, ఇంక చాలే. సారె!"

"ఒకళ్లకి పెట్టి పక్కవాళ్లని వదిలెయ్యడం పంక్తిభేదం కాదుటే? బెంచీ చివరిదాకా పెట్టేసి ఆపేస్తాను."

పాత పెట్టె అయితే ఆ మాట నిలబడేదే. గోడ అడ్డొచ్చేది, పంక్తి ముగిసేది. ఈ కొత్త బండికి గోడలు లేవు. ఈ చివర నిలబడి చూస్తే ఆ చివరిదాకా పెట్టెలన్నీ ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. దొడ్డమ్మ తలెత్తి చూసింది. పంక్తి కనుచూపు మేర ఉంది. కొంగు బిగించింది.

నిడదవోలులో కొత్తవాళ్లు ఎక్కారు. వాళ్లూ పంక్తిలోకే వచ్చారు. టిక్కెట్లు చూసే ఆయన, డ్యూటీలో తినకూడదండీ అంటే, "అయితే జేబులో పెట్టుకోండి తమ్ముడూ" అంది. మొహమాటపడ్డవాళ్లకి ఇంకోటి ఎక్కువ పెట్టింది. తమ్ముడు బుట్ట మోస్తూ వెనకాలే నడిచాడు. వాడికి సిగ్గు పోయి హుషారొచ్చేసి, "ఇక్కడ లడ్డూ రాలేదు దొడ్డమ్మా!" అని కేకలు కూడా పెట్టాడు. నాన్నగారు మాత్రం కిటికీలోంచి వరిచేల వంక చూస్తూ కూర్చున్నారు. తణుకు వచ్చేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. అత్తిలి దాటాక దొడ్డమ్మ తిరిగొచ్చి కూర్చుని, చేతులు తుడుచుకుని, "అందరికీ సరిపోయిందండీ మరిదిగారూ" అని శుభవార్త చెప్పింది.

మిగిలినవి చలిమిడి, అరటిగెల, ఒక బుట్ట అడుగున కాసిని కాజాముక్కలు.

భీమవరం స్టేషనులో మా అత్తగారు, మావగారు, మా ఆయన, బయట రెండు కార్లు. అత్తగారు గంధం రంగు పట్టుచీరలో నిటారుగా నిలబడి ఉన్నారు. బుట్టలు చూసి ముఖం వికసించింది. ఒకటి ఎత్తబోయారు. అది మరీ తేలిగ్గా పైకి లేచింది. తువ్వాలు తొలగించి చూశారు. రెండోదీ చూశారు. నాకు దిగిన బండే మళ్లీ ఎక్కేద్దామనిపించింది. నా కాపురం ప్లాట్‌ఫారం మీదే ముగిసిందనుకున్నాను.

దొడ్డమ్మ ముందుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. పాప, కాజా, బెంచీ, గోడల్లేని బండి. చెప్పి, "పంక్తిలో వడ్డన మొదలెట్టాక సగంలో ఆపకూడదు కదండీ వదినగారూ. మీరైతే ఆపుదురా?" అని అడిగింది.

ఆపుతానని చెప్పడానికి ఏ భీమవరం ఇల్లాలికి నోరొస్తుందండీ? అన్నం తిన్నవాడు లేవలేనంటే తప్ప విస్తరి ముందు నుంచి లేవనివ్వని మనిషి మా అత్తగారు. ఆవిడ బుట్టవైపు చూశారు, బండివైపు చూశారు, దొడ్డమ్మవైపు చూశారు.

"ఆపనండి" అన్నారు.

తర్వాత కార్లు ఇంటికి వెళ్లలేదు. మిఠాయి కొట్టు వెనకసందులో ఆగాయి. బుట్టలు లోపలికి వెళ్లి బరువుగా తిరిగొచ్చాయి. నాన్నగారు జేబులో చెయ్యి పెడితే, అత్తగారు చూసిన చూపుకి ఆ చెయ్యి జేబులోనే ఉండిపోయింది. సాయంత్రం వీధంతా సారె పంచారు. ఎక్కడా లోటు రాలేదు.

మర్నాడు ఎదురింటావిడ వచ్చారు. ఆ వీధిలో అందరూ భయపడే నోరు ఆవిడది. "మీ కోడలి సారె బాగుందండీ. కాకపోతే నిన్న రైల్లో మాకు పెట్టిన కాజాయే ఇంకా బాగుంది. ఇంటికి పంపింది వేరే రకంలా ఉందేంటి?" అన్నారు. గుమ్మం వెనకాల నా పైప్రాణాలు పైనే పోయాయి.

మా అత్తగారు పూలు మాల కడుతూ తలెత్తకుండా, "రెండు రకాలు తెచ్చారండీ మావాళ్లు. ఒకటి రైలుకి, ఒకటి వీధికి" అన్నారు.

ఎదురింటావిడ ముక్కున వేలేసుకుని వెళ్లారు. సాయంత్రానికి ఆ సంగతి ఊరంతా తిరిగింది. రైలుకి కూడా సారె పెట్టినవాళ్ల పిల్లనని ఆ వీధిలో నాకు ఇప్పటికీ ఒక హోదా ఉంది. నాన్నగారు ఆ రాత్రి హాయిగా నిద్రపోయారని అమ్మ చెప్పింది.

అప్పట్నుంచి వియ్యపురాళ్లిద్దరూ ఒకటైపోయారు. రాజమండ్రి బట్టల కొట్లకి రమ్మని దొడ్డమ్మ పిలిస్తే, మా అత్తగారు జీవితంలో మొదటిసారి ప్యాసింజరెక్కారు. టిక్కెట్టు ధర విని, "ఇంత చవగ్గా ఇచ్చాడంటే సరుకులో ఏదో లోపం ఉందండీ. ఆ గోదావరి వంతెన దాటుతుందంటారా?" అని అనుమానపడ్డారు. చెరువులవాళ్ల బుద్ధి. దాటింది. తర్వాత నెలనెలా దాటారు, చీర కొన్నా కొనకపోయినా.

ఒకసారి అత్తగారే నాకు చెప్పారు. భర్త పోయాక దొడ్డమ్మ చాలా ఏళ్లు గడప దాటలేదట. ఎక్కడికి వెళ్లాలన్నా తీసుకెళ్లమని ఎవరినో అడగాలి, ఎందుకో చెప్పాలి. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా స్టేషనుకి వెళ్లి, తన చేత్తో టిక్కెట్టు కొనుక్కుని, నిడదవోలు దాకా వెళ్లి, ప్లాట్‌ఫారం మీద టీ తాగి, వెనక్కి వచ్చేసిందట. పనేమీ లేదు. "ఆ టీ అంత రుచి మళ్లీ దేనికీ రాలేదండీ వదినగారూ" అందట. అది చెప్పి అత్తగారు, "మనకి రెండు కార్లున్నాయమ్మా. నేను ఎక్కడికి వెళ్లాలన్నా డ్రైవరుకి చెప్పాలి, అతను మీ మావగారికి చెబుతాడు" అన్నారు. దొడ్డమ్మంటే నాకు అంతకుముందు ప్రేమే ఉండేది. గౌరవం ఆ రోజు కలిగింది.

దొడ్డమ్మ పోయిన రోజున అందరం కంగారుగా కారులోనే వెళ్లాం. పెద్దకర్మకి కూడా మా ఆయన కారు తీస్తూంటే, "నేను రైల్లో వస్తాను" అన్నారు అత్తగారు. నేను ఆవిడతో బయల్దేరాను.

భీమవరంలో ఆవిడ అందరికంటే ముందెక్కి, దొడ్డమ్మకి ఎప్పుడూ ఆపే కిటికీ పక్కసీటులో చేతిరుమాలు పరిచి, తను దాని పక్కన కూర్చున్నారు. నేను ఎదుట కూర్చున్నాను. అత్తిలిలో ఒకాయన, "ఎవరైనా వస్తారాండీ?" అని అడిగాడు. "వస్తారండీ" అన్నారు అత్తగారు. తణుకులో జనం మీద జనం ఎక్కారు. ఇద్దరు ముగ్గురు గొణిగారు. ఒక అమ్మాయి, "ఎంతసేపు ఆపుతారండీ?" అని గట్టిగానే అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఇచ్చెయ్యండి అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ నావైపు చూడలేదు. కళ్లనిండా నీళ్లున్నాయి, వాటిని తుడుచుకోవడానికి రుమాలు సీటు మీద ఉంది.

నిడదవోలులో ఒక పెద్దావిడ ఎక్కింది. చేతిలో సంచీ, మోకాళ్ల నొప్పులనుకుంటాను, ఆయాసపడుతూ కడ్డీ పట్టుకుని నిలబడింది. అత్తగారు ఆవిడను తేరిపార చూసి, రుమాలు తీసి, దాంతోనే సీటు దులిపారు.

"రండి వదినగారూ, కూర్చోండి. ఇంతసేపూ మీకోసమే ఆపాను."

పెద్దావిడ తెల్లబోయింది. "మీరెవరో గుర్తు రావట్లేదండీ" అంది.

"పర్వాలేదండీ. దిగేదాకా టైముంది."

ఆవిడ కిటికీ పక్కన సర్దుకుని కూర్చుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, హమ్మయ్య అనుకుంటూ ముఖాన్ని గాలికి తిప్పింది. బండి కదిలింది. ఆవిడ చీరకొంగు గాలికి ఎగిరి మా అత్తగారి భుజం మీద పడింది. అత్తగారు దాన్ని తీయలేదు.