గజ్జెలు ఆగేదాకా

2023 వానాకాలం. నారాయణగూడలో రెండో అంతస్తులో నా క్లినిక్. లిఫ్టు ఉంది కానీ పనిచేయదు. నేను ఆడియాలజిస్టును, అంటే చెవులు ఎంత వింటున్నాయో కొలిచేదాన్ని. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. నాకు కోపం ఎక్కువని పేషెంట్లు చెప్పుకుంటారు. పొద్దస్తమానం ‘ఆఁ? ఏమన్నరు?’ అని అడిగించుకుంటే ఎవరికి రాదు చెప్పండి!

ఒక మధ్యాహ్నం ఇద్దరు కొట్లాడుకుంటూనే మెట్లెక్కి వచ్చారు. యాదగిరికి నలభై అయిదేళ్లుంటాయి, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందులో జిరాక్స్ షాపు. శిరీష అక్కడే హాస్టల్లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయి. చుట్టరికమేమీ లేదు. ఇద్దరూ ‘కంకర’ అనే తెలుగు రాక్ బ్యాండుకు వీరాభిమానులు. ఆ అభిమానులు తమని తాము కంకరోళ్లు అని పిలుచుకుంటారట. ఆ గుంపును పన్నెండేళ్ల కింద మొదలుపెట్టింది యాదగిరే.

“నా చెవులు మంచిగనే ఉన్నయి మేడం. ఈ పిల్ల పరేషాన్ చేస్తుంటే వచ్చిన,” అన్నాడు కూర్చుంటూ.

“మంచిగుంటే చప్పట్లెందుకు కొట్టినవన్నా?” అంది శిరీష.

చప్పట్లకూ చెవులకూ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయే చెప్పింది. కంకర వాళ్ల ప్రతి ప్రోగ్రాం ఒకే పాటతో ముగుస్తుంది. చివర్లో డ్రమ్స్ ఆగుతాయి, గిటార్లు ఆగుతాయి, లైట్లు ఆర్పేస్తారు. ఆ చీకట్లో, పాడే ఆవిడ కాలి గజ్జెలు మాత్రం సన్నగా ఒక నిమిషం మోగుతాయి. అవి ఆగేదాకా ఎవరూ చప్పట్లు కొట్టకూడదు, దగ్గకూడదు, ఫోను తీయకూడదు. అప్పటిదాకా గొంతులు చించుకున్న జనం ఊపిరి బిగబట్టి నిలబడతారు. కొత్తవాళ్లకు ఈ కట్టుబాటు నేర్పేది యాదగిరి. అలాంటిది పోయిన నెల, గజ్జెలు మోగుతుండగానే, ఆయనే చప్పట్లు కొట్టి ఈల వేశాడు.

“గజ్జెలు ఏడున్నయి? తీసేసిండ్రు. ఏడాది సంది లేవు,” అని యాదగిరి నా బల్ల చరిచాడు. “పేరొచ్చింది గదా, గజ్జెలు బరువైనయి వాళ్లకు! నేనడిగితే వీళ్లందరు ఉన్నయి, ఉన్నయి అని నన్ను పిచ్చోన్ని చేస్తున్నరు.”

“అందుకని మమ్మల్ని పదకొండు మందిని కంకరోళ్ల వాట్సాప్ గ్రూపుల కెల్లి తీసేసిండు మేడం. వచ్చే నెల ప్రోగ్రాంకు రాడంట. గ్రూపే బంద్ చేస్తడంట.” శిరీష కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “ఈ ఊర్ల నాకెవ్వరు లేరు. మెటీరియల్ జిరాక్స్‌కు పోతే ఈ అన్న పాట వినిపించిండు, ఇంట్ల మనిషి లెక్క చూసుకున్నడు. రెండుసార్లు పరీక్ష పోయినప్పుడు వీళ్లే నన్ను పట్టుకున్నరు. ఈయన పోతే మేమందరం చెల్లాచెదురైతం.”

అప్పటిదాకా నవ్వాపుకుంటున్న నేను సర్దుకుని కూర్చున్నాను. ఆ పిల్లకు పోయేది బ్యాండు కాదు, ఇల్లు.

యాదగిరిని బూత్‌లో కూర్చోబెట్టాను. బయటి శబ్దం రాకుండా కట్టిన చిన్న అద్దాల గది అది. చేసేది ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ. హెడ్‌ఫోన్లో డ్రమ్ములాంటి లావు శబ్దం నుంచి ఈలలాంటి సన్న శబ్దం దాకా ఒక్కొక్క బీప్ వినిపిస్తాం, వినబడినప్పుడల్లా పేషెంటు బటన్ నొక్కాలి. లావు శబ్దాలకు టకటకా నొక్కాడు, గెలుస్తున్నవాడిలా శిరీష వైపు చూశాడు కూడా. శబ్దాన్ని సన్నం చేస్తూ పోయాను. నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర ఆయన చెయ్యి ఆగింది. జోరు పెంచాను. ఇంకా పెంచాను.

“ఎందుకు ఆపిండ్రు మేడం? షురూ చెయ్యుండ్రి,” అన్నాడు లోపలినుంచి.

నేను ఆపలేదు. నా వేలు మిషన్ మీదే ఉంది. శిరీష నా వేలినీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

పరీక్ష అయ్యాక వచ్చే గ్రాఫును ఆడియోగ్రాం అంటాం. యాదగిరి గీత తిన్నగా నడిచి, ఒక్కసారి గుంతలో పడ్డట్టు దిగింది. మాటలు బాగానే వినబడుతుండడంతో ఆయనకు అనుమానం రాలేదు. పోయినవి గజ్జెల్లాంటి సన్న శబ్దాలే.

“ఏండ్లకేండ్లు పెద్ద చప్పుళ్లల్ల ఉంటే ఇట్ల అయితది. స్పీకర్ దగ్గర నిలబడతరా?” అన్నాను.

“ఎడమ స్పీకర్. అది నా జాగ.”

“అంతకుముందు?”

“పాలమూరు దిక్కు కంకర కొట్టే మిషన్ల మీద పని చేసిన మేడం, ఆరేండ్లు. అందుకే గదా ఆ పేరు చూసి మొదటిసారి పోయిన. రాళ్లు కొట్టెటోని పాట గిటార్ మీద పాడుతరని ఎన్నడన్న అనుకున్ననా? నా బతుకు పాడిండ్రు.” నా చేతిలోని గ్రాఫును దగ్గరికి లాక్కుని చూశాడు. తర్వాత శిరీషను అడిగాడు. “అయితే, గజ్జెలు మోగుతనే ఉన్నయా?”

“ఉన్నయన్నా.”

తల దించుకున్నాడు.

శిరీష మంచినీళ్ల కోసం వెళ్లగానే గుసగుసగా అన్నాడు. “చెవుల్ల గుబిలి నిండి ఉండెనని రిపోర్టుల రాయుండ్రి మేడం. తీసేసినమని రాయుండ్రి. పదకొండు మందిని అబద్ధాలకోర్లని తిట్టిన. ఏం మొహం పెట్టుకొని పోవాలె?”

ఇక నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. “అద్దం లెక్కున్నయి చెవులు, గుబిలి నేనేడికెల్లి తేవాలె? చెవి పోయినందుకు సిగ్గెందుకు? పిల్లల్ని తిట్టినందుకు పడుండ్రి సిగ్గు. ఈ మొహమే పెట్టుకొని పోండ్రి, ఇంట్ల ఇంకోటి దాచిపెట్టిండ్రా?”

పకపకా నవ్వేశాడు, కళ్లు తుడుచుకుంటూనే. పోయింది తిరిగి రాదని, షాపులో, ఇంట్లో హియరింగ్ ఎయిడ్ కొంత సాయపడుతుందని చెప్పాను. స్పీకర్ దగ్గర మాత్రం ఇయర్ ప్లగ్స్ పెట్టాల్సిందే, మిగిలింది దక్కాలంటే.

“బిరడాలు పెట్టుకొని కంకర వినాల్నా? నవ్వుతరు మేడం!”

“నవ్వనీయుండ్రి.”

ఆ సాయంత్రం ఆయన చేసిన పని శిరీష ఫోన్లో చెప్పింది. తన ఆడియోగ్రాంను పదకొండు కాపీలు తీశాడట. అందర్నీ షాపుకు పిలిచి తలా ఒకటి ఇచ్చి, గీత దిగినచోట వేలు పెట్టి చూపించాడట. “గజ్జెలు ఈడ పడిపోయినయి. వాళ్లు తియ్యలే. తప్పు నాది. మాఫ్ చేయుండ్రి.”

మరుసటి నెల బాగ్ లింగంపల్లిలో ప్రోగ్రాం. పిలిస్తే వెళ్లాను. ఎడమ స్పీకర్‌కు చాలా దూరంగా కంకరోళ్ల వరస, చెవుల్లో రంగురంగుల ప్లగ్స్. చివరి పాటలో డ్రమ్స్, గిటార్లు ఆగగానే అందరూ అవి తీసేశారు. లైట్లు ఆరాయి, పక్కవాళ్లు మాత్రం లీలగా కనబడుతున్నారు. శిరీష యాదగిరి భుజం మీద చెయ్యి వేసి, గజ్జెల లయలో వేళ్లతో తట్టసాగింది. గజ్జెలు ఆగాయి, వేళ్లు ఆగాయి, చెయ్యి తీసేసింది. అయినా హాల్లో ఒక్క చప్పట్ల చప్పుడు లేదు. ఏమైందా అని చీకట్లో అటూ ఇటూ చూశాను. కంకరోళ్లు ముందే చెప్పిపెట్టారట, జనమంతా ఆయన కోసం ఆగారు. యాదగిరి చేతులు ఒక్కసారి కలిశాయి. ఆ తర్వాత హాలు దద్దరిల్లింది.

అప్పటినుంచి నేను ‘ఎన్నాళ్లుగా వినబడటం లేదు?’ అని అడగడం మానేశాను. చెవి పోయిందని ఎవరూ రారు, ఎవరో మారిపోయారన్న బాధతో వస్తారు. ‘ఎవరి మీద కోపంగా ఉన్నారు?’ అని అడుగుతున్నాను. మొన్న కాచిగూడ నుంచి వచ్చిన పెద్దాయన, “మా మనవరాలు నాతోని మాట్లాడుడు బంద్ చేసిందమ్మా” అన్నాడు. ఆ పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని, పక్కనే కూర్చుని మాట్లాడుతూనే ఉంది.