ఎర్రంచు బిళ్ళ

సూర్యాపేటలో నేను కిరాయికున్న ఇంటి ఓనరమ్మకు ముందుగదిలోని టీపాయ్ అంటే ప్రాణం. కోదాడలో చెప్పి చేయించుకున్న టేకు టీపాయ్ అది. తడి గ్లాసు పెడితే దాని మీద గుండ్రంగా మరక పడుతుందని ఆమె బెంగ. అందుకని ఎండాకాలమంతా కూర్చుని గ్లాసుల కిందికి బిళ్ళలు కుట్టింది. మిర్యాలగూడ మిల్లు నుంచి బియ్యం వచ్చిన గోనె సంచిని గుండ్రంగా కత్తిరించి, రెండు ముక్కల మధ్య ఇక ఎవరూ చూడని పాత పెళ్ళి సీడీ పెట్టి, చుట్టూ చీర అంచు వేసి కుట్టేది.

"కోస్టర్లంటరట మేడం. ఆన్‌లైన్ల శాన రేటున్నయ్" అని గర్వంగా చూపించింది. ముచ్చటగా ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

నేను చూసినవాటిలో అన్నిటికీ ఆకుపచ్చ అంచు, ఒక్కదానికే ఎరుపు. బడి నుంచి రాగానే నన్ను పిలిచి చాయ్ ఇచ్చినప్పుడల్లా ఆ ఎర్రంచు బిళ్ళే నా ముందుకొచ్చేది. మొదట పట్టించుకోలేదు. నా చక్కెర లేని చాయ్ తాగి, పెరట్లో నల్లా దగ్గర గ్లాసు కడిగి బోర్లించి, పైన నా వాటాలోకి వెళ్ళిపోయేదాన్ని.

ఒకరోజు కోదాడ నుంచి ఆమె చెల్లెలొచ్చింది. చెల్లెలికి ఆకుపచ్చది, నాకు ఎర్రది. తాగడం అయ్యాక చెల్లెలు గ్లాసు పట్టుకుని లేస్తే ఓనరమ్మ ఉరికొచ్చి లాక్కుంది.

"నువ్వెందుకే కడుగుడు? గాడ పెట్టు."

"కడిగితే అరిగిపోతానా అక్కా" అని చెల్లెలు నవ్వింది. నేను నల్లా దగ్గర నా గ్లాసు కడుక్కుంటున్నానే గానీ, మనసంతా ఆ బిళ్ళల మీదే ఉంది.

అనుమానం పెనుభూతం అంటారు. నిజమే, కానీ ఆ భూతాన్ని నేను ఊరికే తెచ్చిపెట్టుకోలేదు. మా అమ్మ ఊరివాళ్ళ పొలాల్లో నాట్లేసిన మనిషి. ఆసాముల ఇళ్ళలో ఆమెకు చాయ్ పోసే గ్లాసు పెరటి గోడ మీద వేరుగా ఉండేది. తాగి, కడిగి, అక్కడే బోర్లించి రావాలి. నేను చదువుకుని టీచరునయ్యాక ఆ గ్లాసు పోయి, దాని బదులు ఈ బిళ్ళ వచ్చిందా? నోరు తెరిచి అడిగితే "అయ్యో, అట్లేం లేదు మేడం" అంటారు. అనక ఏమంటారు?

ఒకరోజు కావాలనే ఆకుపచ్చ బిళ్ళ ముందుకు లాక్కున్నాను.

"గది గాదు మేడం, గిది మీది" అంటూ ఆమె చటుక్కున మార్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వేరే ఇల్లు వెతుక్కుందామనే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే అమ్మకు కంటి ఆపరేషన్ చేయాలన్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళు నా దగ్గరే ఉండాలి. నేను బడికి పోతే పగలంతా కంటికి కట్టుతో ఆమెకు దిక్కు కిందివాళ్ళే. "మీరు పోండ్రి మేడం, అమ్మను నేను సూసుకుంట" అని ఓనరమ్మ తనంతట తానే అంది. ఈమె చేతిలో అమ్మను పెట్టి పోవచ్చా? నేను తేల్చుకోవాల్సింది అదే.

ఆపరేషన్‌కని అమ్మ ఊరి నుంచి వచ్చిన సాయంత్రం ఓనరమ్మ మా ఇద్దరినీ చాయ్‌కి పిలిచింది. నాకు ఎప్పటిలాగే ఎర్రది. అమ్మకు ఆకుపచ్చది! నాకేమీ అర్థం కాలేదు. అమ్మ కళ్ళు సరిగ్గా కనబడక తన గ్లాసనుకుని నాది అందుకుని, ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఇందుల చక్కెర లేదేందమ్మా?"

"అయ్యో, అది మేడంది. వచ్చిన్నాడే షుగర్ వద్దన్నరు గద. ఎర్రంచుది చక్కెర లేని చాయ్‌కి, కలిసిపోవద్దని గట్ల పెట్టుకున్న. మా ఆయనది గూడ ఎర్రదే. లోపల మంచం కాడ ఉంటది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వెంటనే గుండె తేలికపడింది. ఇంత శ్రద్ధగా నా చాయ్ గుర్తుపెట్టుకున్న మనిషినా నేను ఇన్నాళ్ళూ తిట్టుకున్నది? ఆమె మీద ప్రేమే పుట్టుకొచ్చింది.

అంతలో అమ్మ తన చాయ్ తాగేసి లేచింది. ఎవరూ చెప్పలేదు. ఖాళీ గ్లాసు పట్టుకుని, గోడ తడుముకుంటూ పెరట్లోకి నడిచింది.

"మెల్లగమ్మా, గాడ మెట్టుంది" అంది ఓనరమ్మ, సోఫాలోంచి కదలకుండానే.

నల్లా విప్పిన చప్పుడు వినపడింది. అమ్మ గ్లాసు కడిగి, గోడ మీద బోర్లించింది. చెల్లెలి గ్లాసు లాక్కున్న చెయ్యి ఓనరమ్మ ఒళ్ళోనే ఉంది. అప్పుడు తెలిసింది నాకు. ఈ ఇంట్లో నా గ్లాసు కూడా ఎవరూ ఎన్నడూ లాక్కోలేదు. నేను రోజూ బిళ్ళ రంగు చూసుకుంటూ, గ్లాసు కడుగుతూనే ఉన్నాను.

నా గ్లాసు ఎర్రంచు బిళ్ళ మీదే వదిలేసి లేచాను. ఓనరమ్మ గ్లాసు వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. నేను పెరట్లోకి వెళ్ళి అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను.

సగం మెట్ల మీద అమ్మ ఆగిపోయింది. "నీ గ్లాసు కడగకుంటనే వస్తున్నవేందే? ఏమనుకుంటరు?"

"అనుకోనియ్యమ్మా" అన్నాను. "నేను బడికి సెలవు పెడుత. నీ దగ్గర నేనే ఉంట."