పేరు పక్కన గారు

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మా ఇంట్లోవాళ్లకి కూడా తెలియదు. మీకే చెబుతున్నాను.

తొంభైల చివర్లో అమలాపురంలో ఒక రక్తపరీక్షల ల్యాబుకి సి భాషలో ప్రోగ్రాం రాసిచ్చాను. పేరు, బ్లడ్ గ్రూపు కొడితే రిపోర్టు అచ్చవుతుంది. కుర్రతనం, పొగరు. జావా నేర్చుకోమన్నవాళ్లని చూసి నవ్వేవాణ్ణి. ఏ అక్షరమైనా తనకిచ్చిన చోటు దాటుతోందా అని అడుగడుగునా హద్దులు చూసుకునే భాష చేతకానివాళ్లకి అనేవాణ్ణి.

ల్యాబులో కంప్యూటర్ ముందు కూర్చునేది సుగుణ. రాజోలు నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఒకరోజు ఒక పెద్దాయన రిపోర్టులో ఓ గ్రూపు బదులు ఏ అని పడింది. రక్తం ఎక్కించేముందు ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష చేశారు కాబట్టి ఆయన బతికిపోయాడు. ల్యాబు డాక్టరుగారు నన్ను పిలిపించారు.

"ప్రోగ్రాంలో ఏవన్నా తేడా ఉందంటారాండీ?"

"లేదండీ. కొట్టడంలోనే పొరపాటు," అన్నాను, చూడకుండానే.

"నేను ఓ అనే కొట్టేనండీ," అంది సుగుణ. "తరవాత, పెద్దాయన కదాని వెనక్కెళ్లి పేరు పక్కన గారు పెట్టేను. అంతేనండీ."

తప్పు నాదేనని అప్పుడర్థమైంది. మన పేర్లు ఎంత పొడుగో నాకు తెలియదా? పేరుకి నేనిచ్చిన చోటు ఇంటిపేరుతో కలిపి అప్పటికే నిండిపోయింది. ఇంగ్లీషు అక్షరాల్లో గారు కూడా చేరేసరికి, పట్టనివి పక్కనే ఉన్న బ్లడ్ గ్రూపు మీద పడ్డాయి; గారులోని ఏ వెళ్లి ఓ స్థానంలో కూర్చుంది. హద్దు దాటితే ఆపమని నేను రాయలేదు. సి తనంతట తాను ఆపదు. అప్పుడైనా నోరు తెరిచానా? లేదు. సుగుణని పనిలోంచి మాన్పించేశారు. నేను గుట్టుగా ప్రోగ్రాం సరిచేసి, పిలవగానే వచ్చినందుకు మంచివాణ్ణని కూడా అనిపించుకున్నాను.

తర్వాత జావాలోకి మారాను. హద్దు దాటగానే ఆగిపోయి, తప్పు ఏ వరుసలో ఉందో మొహం మీదే చెబుతుంది. ఇలాంటి భాషలు నెమ్మదని, పెద్ద పనులకి నిలవవని మా ఆఫీసులో ఇప్పటికీ వాదిస్తారు. నిలుస్తాయి. బల్లగుద్ది చెబుతాను. సిని పట్టుకు వేలాడుతున్న చోట్లకి కూడా రేపు ఇలాంటి భాషే ఒకటి వస్తుంది. యంత్రాలు వేగం పుంజుకునేకొద్దీ నెమ్మది అన్న సాకు చెల్లదు. ఇక అడ్డం నిలిచేది మా అహమే. తప్పుని పక్కవాళ్ల మీదకి నెట్టే వీలు పోతుందనేనా, నేను జావాని అంతగా వెక్కిరించింది? అప్పుడే అలా అనిపించిందో, ఇప్పుడు కల్పించుకుంటున్నానో నాకే తెలియదు.

సుగుణ ఎక్కడుందో తెలియదు. రాజోలు ఎంత దూరం గనక? అయినా వెళ్లలేదు. సిగ్గు. క్షమించమని అడిగే మొహం లేదు. ఆ రోజు డాక్టరుగారి ముందు అనాల్సిన మాట ఇక్కడ అంటున్నాను, అంటుంటేనే గుండె తేలికవుతోంది. సుగుణ సరిగ్గానే కొట్టింది.