గోదావరికి నేను పెట్టిన హద్దు

ముందే ఒప్పుకుంటున్నాను. నేను గోరంతలు కొండంతలు చేసే మనిషిని. ఇంట్లో కూరలో ఉప్పు కాస్త ఎక్కువైతే, నేను బజారుకు వెళ్ళేలోపు ఆ కూర అంతర్వేది సముద్రమైపోతుంది. ఇరవయ్యేళ్ళుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను, పదేళ్ళుగా చర్చిలో సంఘపెద్దని. రెండు చోట్లా ఈ గుణం బాగానే పనికొచ్చింది. కాబట్టి ఇందులో నీళ్ళ లోతు, జనం సంఖ్య, నా ప్రార్థన పొడవు, అన్నీ సగానికి తగ్గించి చదువుకోండి. పెద్దమ్మ గేదె సంగతి మాత్రం తగ్గించకండి.

పెద్దమ్మ మా అమ్మకి వరసకి అక్క. డెబ్బై దాటాయి. రాజోలు దగ్గర లంకలో, అంటే ఏటిగట్టుకీ వశిష్ఠ గోదావరికీ మధ్యన, రెండు గదుల పెంకుటింట్లో ఒక్కతే ఉంటుంది. ఒక్కతే అంటే ఆవిడకి కోపం. "నేనూ నా గేదే ఉంటాంరా" అనేది. దాని పాలు నాలుగిళ్ళకి పోస్తేనే ఆవిడకి జరుగుబాటు, దాంతో మాట్లాడితేనే ఆవిడకి పొద్దుపోవడం. పూటకి ఇరవై లీటర్లు ఇస్తుందని నేను చాలామందికి చెప్పాను. నాలుగు ఇచ్చేది.

ఆ ఆగస్టులో ఎర్రనీరు గట్టిగానే దిగింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని మైకు కట్టిన ఆటో గట్టు మీద తిరుగుతోంది. లంకవాళ్ళకి ఇది కొత్త కాదు. నీరు ఊరి అంచుకు రాగానే వాళ్ళు చేసే మొదటి పని, ఆ అంచున ఒక పుల్ల గుచ్చడం. కాసేపాగి వచ్చి చూస్తారు. పుల్ల మునుగుతుంటే ఏరు ఎక్కుతోంది, పుల్ల మొదట్లో బురద కనబడితే తీస్తోంది. టీవీ ఏం చెప్పినా, కలెక్టరుగారు ఏం చెప్పినా, సామాన్లు కట్టాలా వద్దా అన్నది పుల్లని అడిగే తేల్చుకుంటారు.

ఆ మధ్యాహ్నం లంకలో ప్రార్థన పెట్టుకున్నారు. మా పాస్టరుగారు, మేమందరం అయ్యగారు అంటాం, నరసాపురం వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఆపేశారు. ఇక మిగిలింది నేను. ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడింది.

"వరదకి వెళ్తున్నారా, పెళ్ళికి వెళ్తున్నారాండీ?"

"ప్రార్థనకి."

"అయితే చిన్నది చెయ్యండి. వాళ్ళు సామాన్లు సర్దుకోవాలి పాపం."

నీటి అంచున ఐదువేల మంది ఉన్నారు. నలభై మంది అనుకోండి, పశువులతో కలిపి. నేను మొదలుపెట్టాను. ఆదాములో మొదలెట్టి నోవహు ఓడ దాకా వచ్చేసరికి ముందు వరసలో ఒక ముసలాయన కూర్చునిపోయాడు, ఎర్రసముద్రం దగ్గర నిద్రపోయాడు. అప్పుడు నాకు, కష్టాల్లో దేవుణ్ణే నిలదీసిన యోబు మీద కిందటి ఆదివారం నేను చెప్పిన ప్రసంగం గుర్తొచ్చింది. దేవుడు సముద్రానికి తలుపులు పెట్టి, గడియ వేసి, ఇక్కడిదాకానే రావాలి, ఇంక ముందుకు రాకూడదు అని హద్దు పెట్టిన మాట. ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. తెలుగు మేష్టరుని కదా, మంచి వాక్యం నోటికొస్తే ఆగను.

ఎవరో గుచ్చిన పుల్ల అక్కడే ఉంది. దాన్ని పీకాను. చెయ్యి పైకెత్తి, "గోదావరీ! ఇంతవరకే! ఈ పుల్ల దాటి రావడానికి నీకు సెలవు లేదు! ఈ ఊరు మునగదని దేవుడు నాకు చూపించాడు!" అని అరిచి, నీటి అంచున మళ్ళీ కసుక్కున గుచ్చాను.

దేవుడు నాకేమీ చూపించలేదు. ఆ మాట అక్కడ వస్తే బాగుంటుందని అన్నాను.

అరగంటకి నీరు పుల్ల నుంచి రెండంగుళాలు వెనక్కి తగ్గింది.

ఇది ఎలా జరిగిందో చెబుతాను. మాకు సముద్రం దగ్గర. సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు ఏరు కాస్త తీస్తుంది, పోటు రాగానే మళ్ళీ ఎక్కుతుంది. లంకలో పాలు తాగే పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు. నాకూ తెలుసు. ఆ వేళకి ఆటు అనీ తెలుసు. కానీ హల్లెలూయ అని నలభై గొంతులు ఒక్కసారి అరుస్తుంటే, "ఆగండి, అది ఆటు" అని చెప్పే మనిషి వేరే ఉంటాడు. నేను కళ్ళు మూసుకుని చేతులు జోడించాను.

అందరూ ఆమెన్ అన్నారు. అందరూ వెళ్ళి సామాన్లు సర్దుకున్నారు. పెద్దమ్మ ఒక్కతే ఆమెన్ అని వెళ్ళి పొయ్యి వెలిగించింది.

నేను ఆవిడ అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాను. పక్కింటి రైతు తన పశువుల్ని గట్టు మీదికి తోలుకుంటూ ఆగాడు.

"మామ్మగారూ, గేదెని విప్పండి. మావాటితో తోలేస్తాను."

"ఎందుకయ్యా? మేష్టారు చెప్పేరు కదా, దాటదని."

"ఆయ్, చెప్పేరండి. చాలా బాగా చెప్పేరు. ఆయన చెప్పింది గోదారికి ఇనపడిందో లేదో మనకి తెలీదు కదండీ."

"మీరంతా ఇందాక హల్లెలూయ అన్నారుగా, ఏంటా అనడం?"

"అది నోటితో అన్నాం మామ్మగారూ. ఇది గేదె." నా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి మేష్టారూ."

ఇద్దరూ నన్ను చూస్తున్నారు. గేదె కూడా చూసిందని ఇప్పటిదాకా చెబుతూ వచ్చాను, అది మేత తింటోంది. ఒక్క మాట చాలు. "తోలెయ్యనీ పెద్దమ్మా, ఎందుకైనా మంచిది" అంటే అయిపోయేది. కానీ అలా అంటే గంట కిందట నేనన్నదంతా ఏమవుతుంది?

"పెద్దమ్మ విశ్వాసం గొప్పది" అన్నాను. నోట్లో ఇంకా టీ ఉంది.

రైతు తన పశువుల్ని తోలుకుపోయాడు. నేను గట్టు దాటి, నీరు రాని వైపున్న మా ఇంటికి వచ్చి, రొయ్యల వేపుడుతో భోంచేశాను.

తెల్లవారేసరికి పోటూ, పైనుంచి దిగిన నీరూ కలిశాయి. నేను గట్టెక్కి చూస్తే లంకలో కొబ్బరిచెట్లూ ఇళ్ళ కప్పులూ మాత్రమే కనిపించాయి. ఈసారి సగానికి తగ్గించక్కర్లేదు. ఆ పక్కింటి రైతే నాటుపడవ తెచ్చాడు, నన్ను ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా నాకు వీపు పెట్టి గెడ వేశాడు. తిట్టినా బాగుండేది.

పెద్దమ్మ ఇంట్లో మంచం, మంచం మీద బల్ల, బల్ల మీద బియ్యం డబ్బా, దాని మీద పెద్దమ్మ. చంకలో బైబిలు. నడుం దాకా తడిసింది, చలికి దవడలు కొట్టుకుంటున్నాయి. పడవలోకి ఎత్తుకుంటే ఎండు కొబ్బరిమట్టంత బరువు లేదు.

పాకవైపు చూడొద్దని రైతు ఆవిడ తల నా భుజానికి ఆనించాడు. పశువుని విప్పి వదిలేస్తే వరదలో ఈదుకుని ఎక్కడో ఒకచోట గట్టెక్కుతుంది. కట్టేసి ఉంటే ఎక్కదు. పాకలో గుంజ దగ్గర నీటి మీద నల్లటి కడుపు మాత్రం కనిపించింది.

గట్టు మీద టార్పాలిన్ కింద పడుకోబెట్టి దుప్పటి కప్పాక, నా చెయ్యి పట్టుకుని ఆవిడ అన్న మాటలివి:

"తప్పు నాదేరా అబ్బాయ్. నీళ్ళు పాకలోకి రాగానే భయమేసి పలుపు మీద చెయ్యేశాను, విప్పేద్దామని. అంతలో గుర్తొచ్చింది, నువ్వు అంత గట్టిగా ప్రార్థన చేసేవు, నేనిలా అనుమానపడితే ఎలాగని. చెయ్యి తీసేశాను. కానీ అప్పటికే అనుమానపడ్డానుగా! నా అవిశ్వాసం వల్లే నువ్వు పెట్టిన హద్దు తెగిపోయింది. నీ ప్రార్థన పాడు చేసేనురా."

నేను ఏదో ఒకటి అనాలి. ఆవిడ దుప్పటి సరిచేశాను.

నాలుగు రోజులకి పంటు తిరిగింది, అయ్యగారు వచ్చారు. జరిగింది విని చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయన ఎవరినీ గట్టిగా ఒక మాటనరు, అదే మాకు భయం.

"మేష్టారూ, ఇంతవరకే రా అన్న మాట ఎవరిదండీ?"

"దేవుడిది."

"ఎవరితో అన్నారండీ?"

"సముద్రంతో."

"ఆయ్. మరి అది తిరిగి యోబుగారికి ఎందుకు చెబుతున్నారండీ?"

నాకు తెలుసు. పిల్లలకి పాఠం చెప్పినట్టు నేనే ప్రసంగంలో చెప్పాను. నేను సముద్రానికి హద్దు పెట్టిన రోజున నువ్వెక్కడున్నావయ్యా అని మనిషి నోరు మూయించడానికి దేవుడు చెప్పిన మాట అది. మనిషిని కూర్చోబెట్టడానికి చెప్పిన మాటని పట్టుకుని నేను లేచి నిలబడ్డాను.

"ఆ ముగ్గురిలో మీరెవరండీ?" అన్నారు అయ్యగారు.

"ఆ రోజు నేను గోదావరినైనా బాగుండేదండి. అది తన హద్దులోనే వచ్చింది."

ఆయన నవ్వలేదు. "ఈ మాట నాక్కాదండీ, ఆవిడకి చెప్పండి" అన్నారు.

ఆ ఆదివారం ఆరాధనలో లేచి నిలబడ్డాను. దేవుడు నాకేమీ చూపించలేదనీ, నీరు తగ్గింది ఆటు వల్లననీ, పలుపు మీద చెయ్యి వెయ్యడం అవిశ్వాసం కాదు, దేవుడిచ్చిన బుద్ధనీ అందరి ముందూ చెప్పాను. చర్చి గోడలు కూడా ఏడ్చాయి. పెద్దమ్మ కర్ర పట్టుకుని నడిచొచ్చి, "వెధవా, ఈ మాట ఆ సాయంత్రం టీ తాగుతూ చెప్పొచ్చుగా" అని నెత్తిన మొట్టింది. తర్వాత దగ్గరికి తీసుకుంది.

ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పి ఆపుతాను. బియ్యం డబ్బా ఉందో లేదో గుర్తులేదు. ముసలాయన నిద్రపోలేదు, తూగాడంతే. అవి నా అలవాటు. పూర్తిగా కల్పించింది ఆ ఆదివారం. ఆ రోజు లేచి నిలబడ్డ మాట నిజమే. అందరూ నావైపు తిరిగారు, మూడో వరసలో పెద్దమ్మ తలెత్తి చూసింది. నేను గొంతు సవరించుకుని, పాడాల్సిన కీర్తన సంఖ్య చెప్పి కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చింది. మొట్టడానికి కాదు. "నా అవిశ్వాసం పోవాలని ఒక్కసారి ప్రార్థన చెయ్యరా" అని ముసుగు సర్దుకుని తల వంచింది. నేను ఆ తల మీద చెయ్యి పెట్టి, ఆవిడ అడిగినట్టే ప్రార్థన చేశాను.

అప్పటినుంచి ఆ పాపం పోవాలని ఆవిడ ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటోంది. వద్దని అయ్యగారు చెప్పినా వినడం లేదు. మొన్న శుక్రవారం కూడా అన్నం తినలేదు.